చదరంగపు గింజల సంఖ్యను కాగితం మీద విప్పడం ఎలా?

చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా గడిగడికీ రెట్టింపు. ఈ కథ వినని తెలుగువాళ్లు అరుదు. అరవై నాలుగు గళ్లూ నిండేసరికి మొత్తం గింజలు 18446744073709551615. రాజుగారి గాదెలు ఖాళీ అయ్యాయని నవ్వుకుని కథను అక్కడితో వదిలేస్తాం. నాకైతే అసలు వేడుక అక్కడే మొదలవుతుంది. ఈ ఇరవై అంకెల సంఖ్య ఏయే ఎక్కాల్లో పోతుంది? దీనికి ఎన్ని భాజకాలు? ఇందులో దాగిన ప్రధాన సంఖ్యలేవి?

ఒక కాగితం, పెన్ను, మామూలు క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. పదో తరగతి లెక్కలు గుర్తుంటే ఇంకా మంచిది. ఒక పెద్ద సంఖ్యను ఎటునుంచి పట్టుకోవాలో ఈ ఒక్క ఉదాహరణతో చివరిదాకా చూపిస్తాను. బలంతో భాగహారాలు చేసుకుంటూ పోతే మాత్రం పని జరగదు. ఈ సంఖ్య వర్గమూలం సుమారు 429 కోట్లు. సెకనుకో భాగహారం చొప్పున 1 నుంచి అక్కడిదాకా ప్రయత్నిస్తే 136 ఏళ్లు పడుతుంది.

మొదటి అడుగు: సంఖ్యను తప్పులేకుండా దింపుకోండి

నవ్వకండి, ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. నేనూ పడ్డాను. ఒకసారి ఈ సంఖ్యను స్ప్రెడ్‌షీట్‌లో టైపు చేసి ఎంటర్ కొట్టాను. 3తో పోయింది, 5తో పోయింది, 17 దగ్గరికొచ్చి మొండికేసింది. నా సూత్రం తప్పేమోనని అరగంట తల గోక్కున్నాక గడిని పెద్దది చేసి చూశాను. లోపల ఉన్నది 18446744073709500000. మొదటి పదిహేను అంకెలు ఉంచుకుని, మిగతా ఐదింటినీ సున్నాలు చేసి, చెప్పాపెట్టకుండా కూర్చుంది! స్ప్రెడ్‌షీట్లు పదిహేను అంకెలకు మించి గుర్తుపెట్టుకోవు. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలకు కూడా 9007199254740991 దాటాక భరోసా లేదు. పైథాన్‌లో ఆ బాధ లేదు. 2**64-1 అని కొడితే ఇరవై అంకెలూ చెక్కుచెదరకుండా వస్తాయి.

సరిగ్గా దించుకున్నామా అని చూసుకోవడానికి అంకెల మొత్తం చాలు. మన సంఖ్యకు అది 87. స్ప్రెడ్‌షీట్ ఇచ్చినదానికి 69. రెండూ 3తో పోతాయి కాబట్టే నా తప్పు అంతసేపు బయటపడలేదు.

ఈ సంఖ్యను తెలుగులో ఎప్పుడో భద్రంగా దాచి ఉంచారు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లనదిగా చెప్పుకునే చదరంగపు పద్యం ఒకటుంది. అందులో అంకెలకు బదులు మాటలుంటాయి. వాటిని భూతసంఖ్యలంటారు. మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి శర అంటే 5. శశి ఒక్కడే కాబట్టి 1. ఈ పద్ధతిలో ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోవాలి. పద్యంలోని వరస ఇది: శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్తు 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1. కుడి నుంచి ఎడమకు రాసి చూడండి, ఇరవై అంకెలూ దిగుతాయి. పద్యం చంపకమాల. ఒక మాట జారిపోతే గణం తప్పుతుంది, యతి కుంటుతుంది, విన్నవాడికి వెంటనే తెలిసిపోతుంది. స్ప్రెడ్‌షీట్ కంటే ఛందస్సే నమ్మకం అనిపించింది నాకు.

చదవడం కూడా ఓసారి కానిద్దాం: 1,84,467 కోట్ల కోట్లు, ఆపైన 44,07,370 కోట్లు, ఆపైన 95,51,615.

రెండో అడుగు: చిన్న ఎక్కాలు

చివరి అంకె 5. కాబట్టి బేసి, ఐదో ఎక్కంలో పోతుంది. చివరి రెండంకెలు 15 కాబట్టి 25తో పోదు. అంకెల మొత్తం 87, 3తో పోతుంది, 9తో పోదు. అంటే 3 ఒకసారే ఉంది, 5 ఒకసారే ఉంది.

7, 11, 13 మూడింటినీ ఒక్క దెబ్బతో చూసే కిటుకు ఉంది. 7 × 11 × 13 = 1001. అందుకని సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా కోసి, ఒకదాన్ని కలుపుతూ ఒకదాన్ని తీసేస్తూ పోవాలి:

615 − 551 + 709 − 073 + 744 − 446 + 18 = 1016

1016 లోంచి 1001 తీస్తే 15. ఇక పెద్ద సంఖ్యను మర్చిపోయి 15ని చూస్తే చాలు. 7తో శేషం 1, 11తో శేషం 4, 13తో శేషం 2. మూడూ పోవు. ఈ 15ని ఒక మూల రాసి పెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

అంకెల మొత్తంతోనే భాగించబడే సంఖ్యకు గణితజ్ఞుడు కాప్రేకర్ హర్షద్ సంఖ్య అని ముద్దుపేరు పెట్టారు. 87 అంటే 3 × 29. ఇది 29తో పోతుందా లేదా అన్నది కింద తేలిపోతుంది.

మూడో అడుగు: ఇది ఎక్కణ్ణుంచి పుట్టిందో చూడండి

ఏ పెద్ద సంఖ్య చేతికొచ్చినా భాగహారం మొదలుపెట్టే ముందు నేను చేసే పని ఒకటుంది. దానికి ఒకటి కలిపి చూస్తాను, ఒకటి తీసి చూస్తాను. పక్కింటివాడు ఎవరో తెలిస్తే ఈయన గుట్టు సగం తెలిసినట్టే. ఇక్కడ ఒకటి కలిపితే 18446744073709551616. దాన్ని సగం చేస్తూ పొండి. 64 సార్లు సగం చేసినా మధ్యలో ఎక్కడా శేషం రాదు, చివరికి 1 మిగులుతుంది. అంటే మన సంఖ్య 2⁶⁴ − 1. ద్విసంఖ్యామానంలో రాస్తే 64 ఒకట్లు, ఇంకేం లేదు. ప్రోగ్రామర్లకు ఇది పాత చుట్టమే. గుర్తు లేని 64 బిట్ల చోటులో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. పదహారు మానంలో రాస్తే వరసగా పదహారు ఎఫ్‌లు.

ఇప్పుడు ఎనిమిదో తరగతి సర్వసమీకరణం ఒకటి తీయండి: రెండు వర్గాల భేదం అంటే వాటి మూలాల మొత్తం, భేదాల లబ్ధం. 2⁶⁴ అనేది 2³² కి వర్గం, 1 అనేది 1 కి వర్గం. కాబట్టి:

2⁶⁴ − 1 = (2³² − 1) × (2³² + 1)

ఎడమ ముక్కలో మళ్లీ అదే ఆకారం ఉంది. అది (2¹⁶ − 1) × (2¹⁶ + 1). అలా తొక్క తీస్తూ పోతే ఉల్లిపాయలాగా పొర తర్వాత పొర ఊడివస్తుంది:

2⁶⁴ − 1 = 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఒక్క భాగహారం చేయలేదు. 136 ఏళ్ల పని ఐదు వరసల్లో తెమిలింది. ఈ ఆరు ముక్కల్లో ప్రతిదీ 2ని మళ్లీ మళ్లీ వర్గం చేసి ఒకటి కలిపితే వచ్చేదే. వీటినే ఫెర్మా సంఖ్యలంటారు. ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640 ప్రాంతంలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకం నిజమై ఉంటే మన పని ఇక్కడితో అయిపోయేది.

నాలుగో అడుగు: ముక్కలు ఇంకా విరుగుతాయా?

3, 5, 17 సంగతి చెప్పక్కర్లేదు. 257 వర్గమూలం 16 పైచిలుకు. 2, 3, 5, 7, 11, 13 ఏ ఎక్కంలోనూ పోదు కాబట్టి ప్రధానమే. 65537 కి వర్గమూలం 256. అక్కడిదాకా ఉన్న ప్రధానాలన్నీ ఒక్కొక్కటిగా చూడాలంటే యాభైకి పైగా భాగహారాలు. ఒక్కటి చాలు అంటే నమ్ముతారా? ఆ ఉపాయం ఏమిటో 4294967297 దగ్గర నిదానంగా చెబుతాను, ఎందుకంటే దాని అవసరం నిజంగా పడేది అక్కడే.

ఐదో అడుగు: 4294967297 దగ్గర కాసేపు ఆగండి

ముందు ఒక చిన్న ఆట. 2 ఘాతాలను 7తో భాగించి శేషాలు రాయండి: 2, 4, 1, 2, 4, 1, 2, 4, 1... మూడు అడుగులకోసారి 1 వస్తుంది. చక్రం పొడవు 3. 64ని 3తో భాగిస్తే 1 మిగులుతుంది కాబట్టి 2⁶⁴ కి శేషం 2, మన సంఖ్యకు శేషం 1. పైన మూడేసి అంకెల కోతతో వచ్చిందీ అదే. లెక్క కుదిరింది.

దీంట్లో ఉన్న సంగతి ఏమిటంటే, ఒక ప్రధాన సంఖ్య 2⁶⁴ − 1 ని భాగించాలంటే 64వ అడుగులో శేషం 1 కావాలి, అంటే దాని చక్రం పొడవు 64కి భాజకం అయి తీరాలి. 7 చక్రం 3, 11 చక్రం 10, 13 చక్రం 12. ఇవేవీ 64లో ఇమడవు, అందుకే పోలేదు. 29 చక్రం 28, అది కూడా ఇమడదు. హర్షద్ ఆశ అక్కడితో సరి.

రెండో సంగతి ఫెర్మా చిన్న సిద్ధాంతం చెబుతుంది. ఒక బేసి ప్రధాన సంఖ్యకు 2 ఘాతాల చక్రం పొడవు ఎప్పుడూ ఆ ప్రధానంలోంచి ఒకటి తీసేసినదానికి భాజకం. 7కి చక్రం 3, అది 6ని భాగిస్తుంది. 13కి 12, అది 12ని భాగిస్తుంది.

ఈ రెంటినీ కలపండి. ఏదో ప్రధాన సంఖ్య 2³² + 1 ని భాగించిందనుకుందాం. అప్పుడు దానితో 2³² శేషం −1, కాబట్టి 2⁶⁴ శేషం 1. చక్రం 64లో ఇమిడింది, 32లో ఇమడలేదు. 64కి ఉన్న భాజకాలు 1, 2, 4, 8, 16, 32, 64 మాత్రమే. 32లో ఇమడనిది వాటిలో 64 ఒక్కటే. కాబట్టి ఆ ప్రధానంలోంచి ఒకటి తీస్తే 64తో పోవాలి. అంటే అది 65, 129, 193, 257, 321... ఈ వరసలోనే ఎక్కడో ఉండాలి. మిగతా ప్రధానాలను చూడనే అక్కర్లేదు!

1732లో ఆయిలర్ ఈ వరసనే పట్టుకున్నాడు. వరసలో ప్రధానాలు ఏరితే 193, 257, 449, 577, 641. మొదటి నాలుగూ పోవు. ఐదోది 641. దాన్ని చేత్తో చూద్దాం. 4294967297ని నేరుగా భాగించకుండా వర్గాలు చేసుకుంటూ పోవడం అలవాటు చేసుకోండి, ఇంకా పెద్ద సంఖ్యలకు అదే దారి.

2⁸ = 256.

2¹⁶ = 256 × 256 = 65536. ఇందులో 641 × 102 = 65382 తీసేస్తే శేషం 154.

2³² కి శేషం 154 × 154 = 23716. ఇందులో 641 × 36 = 23076 తీసేస్తే శేషం 640.

640కి ఒకటి కలిపితే 641. అంటే 2³² + 1 ని 641 నిశ్శేషంగా భాగించేసింది. మూడే వరసలు! భాగఫలం 6700417. ఫెర్మా దీన్ని ఎందుకు చూడలేకపోయాడో నాకు ఇప్పటికీ వింతే, ఎందుకంటే పైన వాడిన చిన్న సిద్ధాంతం ఆయనదే.

1878లో ల్యూకా ఈ జల్లెడను ఇంకా సన్నం చేశాడు. 64 కాదు, 128 గుణిజానికి ఒకటి కలిపినవే చూస్తే చాలని చూపించాడు. అప్పుడు 641 కంటే ముందు వరసలో ఉండే ప్రధానం 257 ఒక్కటే.

ఇప్పుడు 65537 బాకీ తీర్చుకుందాం. దాన్ని భాగించే ప్రధానానికి ల్యూకా లెక్కన (ఇక్కడ ఘాతం 32 కాదు, 16 కాబట్టి 128లో సగం) 64 గుణిజం కంటే ఒకటి ఎక్కువ ఉండాలి. 256 లోపల అలాంటివి 65, 129, 193. ప్రధానం 193 ఒక్కటే. 193 × 339 = 65427, శేషం 110. పోలేదు. 65537 ప్రధానం. ఒక్క భాగహారమన్నాను, ఒక్కటే చేశాం.

ఆరో అడుగు: 6700417 ప్రధానమేనా?

చాలామంది ఇక్కడ "అయి ఉంటుందిలే" అని వదిలేస్తారు. వదలకండి. దీని వర్గమూలం 2588 పైచిలుకు. ఇది 2³² + 1 లోని ముక్కే కాబట్టి దీన్ని భాగించేదీ 128 వరసలోనే ఉండాలి. 2588 లోపల ఆ వరసలో ఇరవై సంఖ్యలున్నాయి: 129, 257, 385, 513, 641, 769, 897... 2561 దాకా. వాటిలో ప్రధానాలు ఐదే. భాగిస్తే శేషాలివి:

257తో 170
641తో 44
769తో 120
1153తో 334
1409తో 622

ఒక్కటీ సున్నా కాలేదు. 6700417 ప్రధానం. 67 లక్షల సంఖ్యను ఐదు భాగహారాలతో ప్రధానమని తేల్చాం, అదీ ఊహ కాదు, రుజువు. మొత్తానికి:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

సరిచూసుకోవడానికి మూల రాసిన 15ని తీయండి. ఏడు ముక్కలనూ 1001 శేషాలతో గుణించుకుంటూ పోతే చివరికి 15 రావాలి. అంకెలు తారుమారైన తప్పులను ఇది బాగా పట్టేస్తుంది. లినక్స్ ఉన్నవాళ్లు ఫ్యాక్టర్ అనే కమాండ్ పక్కన సంఖ్య పెట్టి కొడితే జవాబు రెప్పపాటులో వస్తుంది. అయినా ముందు చేత్తో చేసి, తర్వాత అది చూడమంటాను.

ఏడో అడుగు: కారణాంకాలు దొరికాక మిగతావన్నీ గుణకారాలే

ఏ ప్రధానమూ రెండుసార్లు రాలేదు. కాబట్టి ఒక్కో భాజకం తయారు చేసేటప్పుడు ఈ ఏడింటిలో ఒక్కోదాన్ని తీసుకోవడమో మానడమో, అంతే. రెండేసి దారులు, ఏడుసార్లు: 2⁷ = 128 భాజకాలు. ఇంత పెద్ద సంఖ్యకు అవి తక్కువే. 5040కి 60 ఉన్నాయి మరి.

భాజకాలన్నీ కూడితే ఎంత? 128 సంఖ్యలు రాసి కూడక్కర్లేదు. ప్రతి ప్రధానానికీ ఒకటి కలిపి గుణించండి: 4 × 6 × 18 × 258 × 642 × 65538 × 6700418 = 31421980989189888768. ఇందులోంచి సంఖ్యను తీసేస్తే మిగిలిన భాజకాల మొత్తం 12975236915480337153. అది సంఖ్య కంటే తక్కువ. రెండూ సమానమైతే పరిపూర్ణ సంఖ్య అంటారు. ఇది పరిపూర్ణ సంఖ్య కాదు, దానికి దగ్గర్లో కూడా లేదు.

ఆయిలర్ ఫై ప్రమేయం దీనికి తోబుట్టువు. 1 నుంచి మన సంఖ్య దాకా దీనితో ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని అని అడుగుతుంది. ఈసారి ప్రతి ప్రధానంలోంచి ఒకటి తీసి గుణించాలి: 2 × 4 × 16 × 256 × 640 × 65536 × 6700416. ఇందులో 640, 6700416 తప్ప మిగతావన్నీ 2 ఘాతాలే. వాటి లబ్ధం 2³¹. మొత్తం 9208981628670443520, అంటే సగానికి కొంచెం తక్కువ. ఫెర్మా అన్నట్టు 4294967297 ప్రధానమే అయి ఉంటే ఇది సరిగ్గా 2⁶³ అయ్యేది. అంత నున్నని జవాబును 641 వచ్చి చెడగొట్టింది.

ఈ 2 ఘాతాల గోలకు జ్యామితిలో ఒక ఫలితం ఉంది. 1796లో గాస్ స్కేలు, వృత్తలేఖినితో 17 భుజాల క్రమ బహుభుజి గీయవచ్చని కనుక్కున్నాడు. బేసి భుజాల బహుభుజి అలా గీయడం కుదరాలంటే, భుజాల సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధం కావాలి. ఇప్పటిదాకా తెలిసిన ఫెర్మా ప్రధానాలు ఐదే: 3, 5, 17, 257, 65537. అన్నీ గుణిస్తే 2³² − 1, అంటే 4294967295. గీయగలమని తెలిసిన బేసి బహుభుజుల్లో అతి పెద్దది అన్ని భుజాలది. చదరంగం పలకలో మొదటి సగం గళ్లలోని గింజలు కూడా సరిగ్గా అన్నే!

ఎనిమిదో అడుగు: వర్గాల మొత్తంగా రాయడం

ఇది చాలామంది దాటేసే భాగం, నాకు మాత్రం ఇదే ఇష్టం. ఏ వర్గ సంఖ్యనైనా 8తో భాగిస్తే శేషం 0, 1, 4 మాత్రమే వస్తుంది. మన సంఖ్యకు 8తో శేషం 7. రెండు వర్గాలు కలిపినా, మూడు కలిపినా 0, 1, 4 లతో 7 రాదు, వేసి చూసుకోండి. కాబట్టి మూడు వర్గాల మొత్తంగా దీన్ని రాయడం అసాధ్యం. నాలుగు వర్గాలతో ఏ సంఖ్యనైనా రాయవచ్చని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు. మన సంఖ్యకు ఆ నాలుగూ తప్పనిసరి.

ఏవి ఆ నాలుగు? వెతకక్కర్లేదు, కట్టుకోవచ్చు. ముందు 3ని పక్కన పెట్టండి. మిగిలిన ఐదు ఫెర్మా సంఖ్యలూ ఒక వర్గానికి ఒకటి కలిపితే వచ్చినవే: 5 = 2² + 1², 17 = 4² + 1², 257 = 16² + 1². రెండు వర్గాల మొత్తాలను రెండింటిని గుణిస్తే మళ్లీ రెండు వర్గాల మొత్తమే వస్తుందని బ్రహ్మగుప్తుడి సర్వసమీకరణం చెబుతుంది. మొదటిదానికి చేసి చూపిస్తాను. (2, 1), (4, 1) జంటలు తీసుకోండి. 2 × 4 − 1 × 1 = 7, 2 × 1 + 1 × 4 = 6. 7² + 6² = 49 + 36 = 85, అదే 5 × 17. తర్వాత (7, 6)కి (16, 1) కలిపితే (106, 103). దానికి (256, 1) కలిపితే (27033, 26474). చివరగా (65536, 1) కలిపితే (1771608214, 1735027097). ఇప్పుడు పక్కన పెట్టిన 3ని లోపలికి తేవాలి. రెండు వర్గాల మొత్తాన్ని మూడింతలు చేస్తే ఆ రెండు వర్గాలూ, వాటి మూలాల మొత్తపు వర్గమూ, భేదపు వర్గమూ కలిసి నాలుగవుతాయి. కాబట్టి:

18446744073709551615 = 36581117² + 1735027097² + 1771608214² + 3506635311²

ఇంత చేసినా 641 అవసరం ఎక్కడా రాలేదు, గమనించారా? 4294967297 విరగకుండానే పని జరిగిపోయింది. అన్నట్టు ఆ సంఖ్య 65536² + 1² మాత్రమే కాదు, 62264² + 20449² కూడా. ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయగలం. రెండు విధాలుగా వచ్చిందంటే అది ప్రధానం కాదని 641 పేరెత్తకుండానే తేలిపోతుంది.

మీ చేతికి ఇంకో సంఖ్య

సంఖ్యకు ఏ ఆకారమూ లేకపోతే? ఇరవై అంకెలైతే యంత్రానికి క్షణం పని. అంకెలు వందలకొద్దీ పెరిగి, లోపల రెండే పెద్ద ప్రధానాలుంటే మాత్రం కంప్యూటర్లకీ చెమటలు పడతాయి. రహస్య సంకేతాల్లో వాడే ఆర్ఎస్ఎ రకం సంఖ్యల్లో 250 అంకెలదాన్ని 2020లో విప్పగలిగారు. మనం చూడాల్సింది ఆకారం ఉన్నవాటిని.

999999999999 తీసుకోండి. పన్నెండు తొమ్మిదులు. ఒకటి కలిపితే 10¹². కాబట్టి ఇది 999999 × 1000001. మొదటిదాన్ని 999 × 1001 చేసి, 27 × 37 × 7 × 11 × 13 గా విప్పండి. ఇక్కడ 3 మూడుసార్లు వస్తుంది, భాజకాలు లెక్కించేటప్పుడు దానికి రెండు కాదు, నాలుగు దారులని మర్చిపోకండి. మొత్తం 4 × 2⁶ = 256 రావాలి. 1000001ని 101 భాగిస్తుంది, భాగఫలం 9901. ఇది ప్రధానమా? ఈసారి చక్రం తిరిగేది 10 ఘాతాలది, పొడవు 12. కాబట్టి 12 గుణిజానికి ఒకటి కలిపిన ప్రధానాలను, 99 లోపల, చూస్తే చాలు: 13, 37, 61, 73, 97. కాగితం మీద మీరే భాగించండి. శేషాలు వరసగా 8, 22, 19, 46, 7 రాకపోతే ఎక్కడో అంకె జారినట్టు.